ఇప్పుడు ఇంకొకర్ని కనమంటే ఎలా సార్?

ఎడిటర్ గారికి నమస్కారం,

పిల్లలు పుట్టడం తగ్గిపోతోంది, ఇంకా కనండి అని పేపర్లో ఏ వార్త వచ్చినా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గొడవండి, ముస్లింలేమో కంటున్నారు, హిందువులం మనమేమో ఆపేశాం అని. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు ఒక్కసారి చూసి మాట్లాడితే బాగుండు. 1992-93లో ముస్లిం మహిళకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ మహిళకి 3.3. అదే 2019-21కి వచ్చేసరికి 2.4, 1.9. తేడా లేదనట్లేదు, ఉంది, కానీ ఎవరికి ఎక్కువ తగ్గిందో కనిపిస్తూనే ఉంది కదా. పైగా కేరళ ముస్లింల కన్నా బీహార్ హిందువులకే పిల్లలు ఎక్కువ, దానికేమంటారు? ఆడపిల్ల ఎంతవరకు చదివింది, ఎన్నో ఏట పెళ్ళి చేశారు, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం ఉందా, అసలు విషయం అక్కడుంది. మా సందులో కిరాణా షాపు భాయ్‌వాళ్ళు ఏడుగురు అన్నదమ్ములు, ఆయనకి మాత్రం ఇద్దరే, మూడోవాడు ఎందుకు భాయ్ ఫీజులు ఎవరు కడతారు అంటాడు.

సిటీలో ఉన్నాక ఎవరికైనా అంతే. అదే సర్వేలో దేశం మొత్తం మీద ఒక్కో మహిళకి సగటున పట్టణాల్లో 1.6, పల్లెల్లో 2.1 పిల్లలు. మా హైదరాబాద్‌లో ముస్లింలు ఎక్కువుండే టోలీచౌకీ అయినా కూకట్‌పల్లి అయినా అద్దె, ఎల్కేజీ ఫీజు, స్కూల్ వ్యాన్, ఇవన్నీ కట్టేసరికి ఒకళ్ళ జీతం అయిపోతుంది, పిల్లల్ని చూసుకోవాల్సిన అమ్మమ్మ నాయనమ్మలేమో ఊళ్ళో ఉంటారు.

ఇంకోటి, 2001 జనగణనలో తెలుగు దేశంలో మూడో పెద్ద భాష, 2011కి మరాఠీ మనల్ని దాటేసింది. ఇంగ్లీష్ మీడియం వల్లే అని తిట్టుకుంటాం గానీ పిల్లలే తక్కువ పుడుతుంటే మాట్లాడేవాళ్ళు ఎక్కడ పెరుగుతారు? రేపు ఎంపీ సీట్లు జనాభా బట్టి పంచితే మన తెలుగు రాష్ట్రాలకి నష్టమే, ఆ బాధ న్యాయమైనదే, ఇద్దరు ముద్దు అంటే విన్నది మనమే కదా. 1994 పంచాయతీ చట్టంలో ముగ్గురు పిల్లలుంటే పోటీకి పనికిరారు అన్నారు, ఆంధ్రాలో 2024లో అది తీసేసి ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు. మరి కేంద్రం ప్రసూతి సెలవు నిబంధనలేమో 2017 నుంచి మొదటి ఇద్దరికి 26 వారాల సెలవు, మూడో కాన్పుకి 12 వారాలే ఇస్తున్నాయి! అదే నిబంధనల్లో 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని కూడా ఉంది, మన హైటెక్ సిటీ ఆఫీసుల్లో సరే, పెద్ద బట్టల షోరూముల్లో రాత్రి దాకా నిలబడే అమ్మాయిలకి ఆ సంగతి తెలుసా అసలు? కార్మిక శాఖ వాళ్ళు ఈ సిటీలో ఎక్కడెక్కడ క్రెష్‌లు పెట్టారో లిస్ట్ బయటపెట్టాలి, మీ రిపోర్టర్లు అది అడిగి వేస్తే సంతోషం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్