జపాన్ బట్ట తేలేదు, అడ్వాన్సులు వెనక్కి ఇస్తున్నాను

అందరికీ నమస్కారం. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, చాలామంది ఎదురుచూస్తున్నది దానికోసమే. దసరాకి జపాన్ నీలిమందు బట్టతో కుర్తీలు కుట్టించి, ఒక్కోటి 4,500కి ఇస్తానని మే నెలలో చెప్పాను. నమ్మి 43 మంది తలా వెయ్యి పంపారు. బట్ట కోసం జపాన్ వెళ్లొచ్చాను గానీ, ఆ కుర్తీలు రావు. ఈ శనివారం లోపు ఎవరి వెయ్యి వాళ్లకి, పంపిన నంబరుకే తిరిగి వస్తుంది. ఆ డబ్బుతో టికెట్ కొనుక్కున్నావా అని ఇద్దరు అడిగారు. అడగాల్సిన మాటే. కొనుక్కోలేదు, అది విడిగానే పెట్టి ఉంది.

రెండోది. నేను లేని తొమ్మిది రోజులూ కొట్టు మా టైలర్ మాస్టర్ చూసుకున్నాడు. కత్తెర పట్టుకుంటే ఆయనకి తిరుగులేదు గానీ పార్సిళ్ల మీద అడ్రసులు రాయడం ఆయన పని కాదు, నేను అప్పగించాల్సింది కాదు. విశాఖ వెళ్లాల్సిన చీర కరీంనగర్‌కీ, కరీంనగర్‌ది విశాఖకీ వెళ్లాయి. విశాఖ మేడమ్ ఆ రోజే ఫోన్ చేసి, మర్నాడు తిప్పి పంపేశారు. ఇంకో 11 ఆర్డర్లు వారం ఆలస్యమయ్యాయి. తప్పు నాది.

ఇక బట్ట ఎందుకు తేలేదో చెప్పాలంటే ఎక్కడెక్కడ తిరిగానో చెప్పాలి. టోక్యోలో అందరూ ఫొటోలు దిగే కూడలి చూడలేదు. క్యోటో మీదుగా రైల్లో వెళ్లాను, దిగలేదు. మా అమ్మాయి దానికి ఇంకా తిడుతూనే ఉంది. ఉన్నవి కొద్ది రోజులు, బట్ట పుట్టే చోట్లకే పోవాలనుకున్నాను.

మొదటి రోజే బోణీ బాగా లేదు. టోక్యోలో నిప్పోరి అని ఒక పేట ఉంది. స్టేషన్ దిగి కొంచెం నడిస్తే కిలోమీటరు పొడవునా బట్టల కొట్లే, గుండీలు, జిప్పులు, లేసులు, తోలు, కట్ పీసులు. మన సుల్తాన్ బజారు, జనరల్ బజారు కలిపి, అరుపులు తీసేస్తే ఎలా ఉంటుందో అలా. నేను వెళ్లింది ఆదివారం. ఆదివారం అక్కడ చాలా కొట్లు మూసేస్తారు. మనకి ఆదివారమే కదా గిరాకీ, అక్కడా అంతే అనుకున్నాను! షట్టర్లు చూసుకుంటూ పక్కనున్న యనకా వైపు నడిచాను. అదీ మంచిదే అయింది. 1923 భూకంపానికీ, యుద్ధంలో పడ్డ బాంబులకీ చాలావరకు తప్పించుకున్న పాత పేట అది. ఇరుకు సందులు, గుళ్లు, ఇంటి గుమ్మాల ముందు పూలకుండీలు. ఆఖరి షోగన్ (చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలిన సేనాధిపతి) తొకుగవా యొషినొబు సమాధి అక్కడి శ్మశానంలోనే ఉంది. వాన పడుతుంటే దాని దగ్గర గొడుగు పట్టుకుని నేనూ, ఒక పిల్లీ. సోమవారం పొద్దున్న మళ్లీ నిప్పోరి పోయి లైనింగ్ బట్టలూ కొబ్బరి చిప్ప గుండీలూ కొన్నాను. గుండీలు మాత్రం ఇక ముందు కుట్టే వేరే కుర్తీల మీదకి వస్తాయి.

అక్కడి నుంచి నగోయా. నగోయా అంటే ఏముందక్కడ, కార్ల ఫ్యాక్టరీలేగా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నగోయాలోనే అరిమత్సు అనే ఒక పాత వీధి ఉంది, మెయితెత్సు రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు. 1608లో పుట్టిన ఊరు. ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో పోయే తొకాయిదో రహదారి పక్కన కొన్ని కుటుంబాలని తెచ్చి కాపురం పెట్టించారు. పొలాలు అంతంత మాత్రం, బతుకు గడవాలి. తకెదా షొకురో అనే ఆయన నూలు తువ్వాలకి ముడులు వేసి రంగులో ముంచి, దారిన పోయేవాళ్లకి అమ్మడం మొదలుపెట్టాడు. అది షిబోరి అయింది. 1784లో ఊరు తగలబడితే, మళ్లీ కట్టినప్పుడు గడ్డి కప్పులు మానేసి పెంకులూ మందపాటి సున్నపు గోడలూ పెట్టుకున్నారు. ఇప్పుడు మనం చూసేది ఆ ఇళ్లనే.

ఏటా జూన్ మొదటి శని, ఆదివారాల్లో అక్కడ షిబోరి పండగ. నేను వెళ్లింది ఆ తర్వాతి మంగళవారం. నా అదృష్టం అలా ఉంటుంది. వీధి ఖాళీ. షిబోరి భవనం మేడ మీద ఒక పెద్దావిడ కొయ్య స్టాండుకున్న కొక్కేనికి బట్ట తగిలించి దారం చుడుతోంది. చూపు అక్కడ లేదు, వేళ్లే పని చేస్తున్నాయి. నూరుకి పైగా రకాల ముడులున్నాయట. ఒక్కో మనిషి సాధారణంగా ఒక్క రకమే నేర్చుకుని జన్మంతా అదే వేస్తుంది. ఒకే బట్టకి నాలుగు రకాలు కావాలంటే అది నాలుగిళ్లు తిరగాలి. నా మెడలో మన పుట్టపాక నేతవాళ్ల ఇక్కత్ దుపట్టా ఉంది. ఆవిడ పని ఆపి, దాని అంచు అందుకుని, ముందు వెనక్కి తిప్పి చూసింది. ఈ పని తెలిసినవాళ్లు ఎక్కడైనా అంతే, బట్ట ముఖం చూడరు, వీపు చూస్తారు. ఫోన్‌లో అనువాదం తెరిచి, ముడులు నూలుకి వేస్తారని, బట్టకి కాదని చెప్పాను. "కసూరి!" అంది (ఇక్కత్‌కి వాళ్ల మాట), నవ్వింది, దక్షిణం వైపు చెయ్యి ఊపింది. అప్పటికే కురుమేకి టికెట్ నా సంచిలో ఉంది.

బుధవారం పొద్దున్న టొయోటా వారి పారిశ్రామిక మ్యూజియం. పాత నూలు మిల్లులోనే పెట్టారు. కార్ల సగం నేను చూడలేదు, మగ్గాల సగంలోనే మూడు గంటలు పట్టింది. సకిచి టొయోదా 1924లో తెచ్చిన జీ రకం మగ్గంలో కండె అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్తది దూరుతుంది. పడుగులో పోగు తెగితే దానంతట అదే ఆగుతుంది. ఆ మగ్గం హక్కుల్ని 1929లో ఇంగ్లండు కంపెనీకి అమ్మారు, ఆ తర్వాత ఆయన కొడుకు కార్ల వెంట పడ్డాడు. మ్యూజియంలో ఒకాయన ఆ మగ్గం నడిపి చూపించాడు. ఆ చప్పుడు వింటే మన నేతవాళ్ల ఊరు కొయ్యలగూడెం గుర్తొచ్చింది.

కొజిమా గురించి ఎక్కువ చెప్పను. ఒకయమా నుంచి లోకల్ రైల్లో అరగంట లోపు, సముద్రం పక్కన. సముద్రాన్ని పూడ్చి తీసిన ఉప్పు నేల, వరికి పనికిరాదు, పత్తి వేశారు. పత్తి నుంచి కాలి తొడుగులు, స్కూలు యూనిఫాంలు, 1960ల నుంచి జీన్స్. వీధి పొడవునా తలల మీద తీగలకి ప్యాంట్లు వేలాడదీస్తారు. గురువారం నేను వెళ్లేసరికి వీధిలో మనుషుల కంటే ప్యాంట్లే ఎక్కువ. డెనిమ్ చాలా బాగుంది, ధర నా కొట్టుకి తగింది కాదు. మా మాస్టర్ కోసం ఒక కత్తెర సంచి కొని బయటపడ్డాను.

నేను అసలు వెళ్లింది కురుమేకి. హకతా నుంచి బుల్లెట్ రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. అక్కడ పుట్టిన నూలు ఇక్కత్‌నే కురుమే కసూరి అంటారు. ఇనోవె దెన్ అనే పిల్ల, పన్నెండు పదమూడేళ్లది, వెలిసిపోయిన పాత గుడ్డలో తెల్ల మచ్చలు చూసి, అవెలా వచ్చాయా అని పోగులు విప్పి చూసిందట. తర్వాత తనే నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, నేసి చూసింది. 1800 ప్రాంతం మాట. మన దగ్గర చిటికి కట్టే (నూలుకి ముడులు వేసే) ఏ ఇంట్లోనైనా ఈ కథ చెబితే ఒక్క ముక్క వివరించక్కర్లేదు. బొమ్మలు నేయడం ఆవిడకి కుదరకపోతే, సాయం చేసింది అదే ఊరి కుర్రాడు తనాకా హిసషిగె. యంత్రాల పిచ్చివాడు. ఆయన తర్వాత పెట్టిన వర్క్‌షాపే పెరిగి పెరిగి తొషిబా అయింది. అమ్మ చేతులు ఆసు (పోగు చుట్టే మేకుల చట్రం) మీద చీరకి వేలసార్లు ఆడటం చూడలేక మెషీన్ కనిపెట్టిన చింతకింది మల్లేశం గారు గుర్తుకురాకుండా ఉంటారా? టైర్ల బ్రిడ్జ్‌స్టోన్ కూడా 1931లో ఈ ఊళ్లోనే మొదలైంది, అంతకుముందు వాళ్లు కుట్టింది కాలి తొడుగులు.

మగ్గాలు ఊళ్లో కంటే పక్కనున్న హిరోకవాలో ఎక్కువ. బస్సు దిగి వానలో తప్పుదారి పట్టి తేయాకు తోటల్లో తేలాను, అదో అరగంట. వెళ్లిన చోట నూరేళ్ల కిందటి టొయోదా మగ్గాలు ఇంకా నేస్తున్నాయి. అన్నీ చేత్తో చేసేవి కావు, అది దాచకుండా చెప్పారు. చేత్తో ముడి కట్టి, సహజ నీలిమందులో ముంచి, చేత్తో నాడె విసిరి నేస్తేనే 1957లో ప్రభుత్వం సాంస్కృతిక సంపదగా గుర్తించిన రకం. అది ధర అడిగే ధైర్యం కూడా లేని బట్ట. మామూలుది మీటరు 3,000 యెన్‌ల పైన చెప్పారు, మన 1,700 పైమాటే.

సరే అనుకుని మీటరు టేపు పెట్టాను. వెడల్పు 38 సెంటీమీటర్లు, పదిహేను అంగుళాలు! కిమోనో బట్టలన్నీ ఇంచుమించు అంతే. ఆ తానుని వాళ్లు "తాన్" అంటారు, పేరు మాత్రం మనతో కలిసింది. చీర పన్నా రావాలంటే మూడు పట్టీలు పక్కపక్కన కుట్టాలి. కుర్తీకి అతుకులు కలుపుకుని ఐదు మీటర్లు. బట్టకే 8,500, ఆపైన కస్టమ్స్, లైనింగ్, కుట్టుకూలి. నేను మీకు చెప్పింది 4,500. వెడల్పు ముందే కనుక్కుని చెప్పాల్సింది, అది పన్నెండేళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్న మనిషి చేయాల్సిన తప్పు కాదు. సూట్‌కేసులో తెచ్చి గుట్టుగా అమ్మేయొచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. టూరిస్టుకి అక్కడ పన్ను తీసేసేది సొంతానికి కొనుక్కుంటేనే. నేను అలా అమ్మను, దయచేసి మళ్లీ అడగొద్దు.

ఎలా తిరిగావని అడిగినవాళ్లకి: ఏడు రోజుల రైలు పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000కి పెంచారు. టోక్యో నుంచి ఒకే దిక్కుగా పోతూ ఫుకువొకాలో విమానం ఎక్కేస్తే విడి టికెట్లే చవక. హకతా స్టేషన్ నుంచి అక్కడి విమానాశ్రయం మెట్రోలో రెండో స్టేషనే. తిండికి నేను పడ్డ పాట్లు వేరు. కురుమే పేరుమోసింది పంది ఎముకల రసంలో వేసే రామెన్‌కి. నేను ఊరబెట్టిన పులుపు పండు పెట్టిన అన్నం ముద్దలతో మూడు పూటలు గడిపాను.

తెచ్చిన బట్ట మొత్తం రెండు కట్ పీసులు, ఒక్కోటి అర మీటరు. అమ్మడానికి కాదు. పోయిన వారం పుట్టపాక తీసుకెళ్లి, మనకి ఎప్పుడూ నేసే అన్న చేతిలో పెట్టాను. ఆయనా వెనక్కే తిప్పి చూశాడు. గోటితో పేక గీకి, ముడులు లెక్కపెట్టుకుని, "కట్టుడు కష్టం గాదక్కా, గీ నీలమే. ఎన్నిమార్లు ముంచిన్రో" అన్నాడు. ఒక పడుగు ప్రయత్నిద్దామన్నాం. ఆరు దుపట్టాలు వస్తాయి. నీలం కుదిరితే కార్తీకం దాటాక చూపిస్తాను, ధర అప్పుడు చెబుతాను. దానికి అడ్వాన్సు తీసుకోను, పంపినా తిప్పి పంపేస్తాను.

కరీంనగర్ మేడమ్, ఫోనెత్తడం లేదు మీరు. ఆ నెమలికంఠం రంగు చీర ఈపాటికి కట్టేసి ఉంటే ఉంచేసుకోండి, మీది కూడా నా దగ్గరే ఉంది, తేడా డబ్బు మాట్లాడుకుందాం. విశాఖ వారికి అదే డిజైన్ మళ్లీ మగ్గం మీదకి ఎక్కించాను.