చాగస్ జబ్బులో క్రిమిని చంపితే చాలదు, గుండెలో ఇన్‌ఫ్లమేషన్ కూడా ఆగాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం.

చాగస్ జబ్బు ముదిరి చనిపోయిన మనిషి గుండె కండరాన్ని మైక్రోస్కోపు కింద పెడితే, క్రిమి కోసం స్లైడంతా వెతుక్కోవాలి. ఎక్కడో ఒక గూడు దొరికితే గొప్ప. కండర పోగుల మధ్య మాత్రం తెల్ల రక్తకణాలు కిక్కిరిసి ఉంటాయి. చుట్టూ కండరం చచ్చి మచ్చ కట్టి ఉంటుంది. ఈ జబ్బు తెచ్చే క్రిమి, ట్రిపనోసోమా క్రూజీ, ఒంట్లోంచి పూర్తిగా పోదు, దాంతో ఇన్‌ఫ్లమేషన్, అంటే క్రిమితో పోరాడే రోగనిరోధక శక్తి రేపే వాపు, ఏళ్ల తరబడి ఆరదు. గుండెను లోపల్లోపల తినేసేది ఎక్కువగా అదే. దానికంటూ ఆమోదం పొందిన మందు ఇవాళ్టికీ లేదు.

కార్లోస్ చాగస్ బ్రెజిల్‌లో ఈ జబ్బును గుర్తించింది 1909లో. గోడ పగుళ్లలో దాక్కునే పురుగు రాత్రి ముఖం మీద కుట్టి, అక్కడే విసర్జిస్తుంది. నిద్రలో గోక్కుంటే చాలు, ఆ మలంలోని క్రిమి లోపలికి పోతుంది. తర్వాత ఇరవై, ముప్ఫై ఏళ్లు ఏమీ తెలియకపోవచ్చు. సోకినవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి చివరికి గుండె దెబ్బతింటుంది. కొందరికి హార్ట్ ఫెయిల్యూర్ వస్తుంది, కొందరు నిలబడ్డ చోటే కుప్పకూలిపోతారు.

క్రిమిని చంపే మందు బెంజ్‌నిడజోల్ ఉంది కదా అంటారు. తొలి దశలో, పిల్లల్లో అది బాగా పనిచేస్తుంది, ఇచ్చి తీరాలి. కానీ ఆ మందును రోగుల్లో పరీక్షించిన ‘బెనిఫిట్’ అనే ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి, చూడండి. లాటిన్ అమెరికాలోని అయిదు దేశాల్లో అప్పటికే గుండె దెబ్బతిన్న 2,854 మందిని అయిదేళ్లకు పైగా గమనించారు. మందు వాడినవాళ్ల రక్తంలో క్రిమి ఆనవాళ్లు తగ్గాయి. అయినా మరణం, హార్ట్ ఫెయిల్యూర్ లాంటివి వాళ్లలో 27.5 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 29.1 శాతం మందికి వచ్చాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది.

ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించి గుండెను కాపాడొచ్చని 2017లో ‘కాంటోస్’ అనే మరో ట్రయల్ మామూలు హార్ట్ ఎటాక్ రోగుల్లో చూపించింది. అందులో వాడిన మందుతో ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయన్నదీ నిజమే. చాగస్‌లో ఆ భయం ఇంకా ఎక్కువ. గుండె మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడితే, అణగి ఉన్న క్రిమి మళ్లీ లేస్తుంది. క్రిమిని అదుపులో పెట్టడానికి ఒంట్లో తయారయ్యే గామా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీనే శ్రుతి మించితే గుండెకు చేటు చేస్తుంది.

అందుకే గుడ్డిగా స్టెరాయిడ్లు ఇమ్మనడం లేదు. ముందు బెంజ్‌నిడజోల్ ఇచ్చి, దానికి తోడు ఇన్‌ఫ్లమేషన్‌ను ఆచితూచి తగ్గించే మందులను పెద్ద ట్రయల్స్‌లో పరీక్షించాలి. గౌట్‌కు ఎప్పటి నుంచో వాడుతున్న కాల్చిసిన్‌తో మొదలుపెట్టొచ్చు. రోగుల రక్తంలో క్రిమి మళ్లీ కనిపిస్తోందేమో అడుగడుగునా చూస్తుండాలి. ఈ ట్రయల్స్‌కు నిధులు ఇప్పించండి. వచ్చే ఏప్రిల్ 14న, చాగస్ దినం నాడు, ఆ మాట మీ నోట వినాలని ఉంది.

ఇట్లు,
గుండె జబ్బుల విభాగంలో పనిచేసే ఒక డాక్టరు