‘ఫిల్మ్ వేసి పరీక్షించాం’ అన్న మీ కార్డు గురించి ఫిర్యాదు

తిరుపతి,
మే 28.

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీరు సెట్టుగా అమ్మిన నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరాకు అందులోని 135 ఎంఎం లెన్స్ పట్టకపోవడం, కెమెరాలోకి వెలుగు దూరి రోలు చెడిపోవడం, మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు.

అయ్యా / అమ్మా,

ఏప్రిల్ చివర్లో మీ దగ్గర 41,500 రూపాయలకు ఒక పాత కెమెరా సెట్టు కొన్నాను. ఎఫ్‌ఎం2 బాడీ, 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్, 135 ఎంఎం ఎఫ్3.5 లెన్స్. బిల్లులో 135కి విడిగా 6,500 వేశారు. పెట్టెలో సంతకం పెట్టిన చిన్న కార్డు కూడా ఉంది: ‘ఫిల్మ్ వేసి పరీక్షించాం, అన్నీ పనిచేస్తున్నాయి’. నా పేచీ అంతా ఆ ముక్కతోనే.

బాగున్నవాటి గురించి ముందు చెప్తాను. బ్యాటరీలు తీసేసినా షట్టర్ అన్ని స్పీడుల్లోనూ కొడుతోంది. ఈ మోడల్ ఏరి కోరి కొన్నదే అందుకు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న పాత కెమెరాలో సర్క్యూట్ పోతే తిరుపతిలో చూసేవాళ్లు లేరు, చెన్నై మోసుకెళ్లాలి, అక్కడా పార్టు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. 1982లో వచ్చిన ఎఫ్‌ఎం2కి బ్యాటరీతో పని వెలుగు కొలిచే మీటర్ వరకే. ఆ మీటర్ కూడా ఫోన్లోని మీటర్‌తో పోలిస్తే అర స్టాపు తేడా చూపిస్తోంది. ఈ వయసు కెమెరాకి అదొక తేడా కాదు. 50 లెన్స్‌లో టార్చి వేసి చూస్తే అంచున సాలెగూడులా కొంచెం ఫంగస్ కనిపిస్తుంది. దాన్ని మీరు ఫొటోతో సహా ముందే చూపించారు, నేను చూసే కొన్నాను. కాబట్టి పాత వస్తువంటే ఏమిటో తెలియని మనిషిని కాదు.

ఇక 135 సంగతి. మౌంటులో పెట్టి తిప్పితే సగంలోనే ఆగిపోయింది. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ‘కొత్తలో టైటుగా ఉంటుంది సార్, గట్టిగా తిప్పండి’ అన్నారు. యాభై ఏళ్ల లెన్స్‌కి కొత్తలో ఏమిటో నాకు అర్థం కాలేదు. అదృష్టం బాగుండి తిప్పలేదు. మా నాన్న ఇరవై ఏళ్లు స్టూడియో నడిపారు. లెన్స్ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసి, ‘ఇది ఏఐ కాదురా, బలవంతంగా తిప్పావంటే లివర్ పోతుంది’ అన్నారు.

నికాన్ మౌంటు 1959 నుంచి చూడ్డానికి ఒకటే. కానీ 1977లో ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి వచ్చాక, లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ని, మార్చే రింగు అంచు మారింది. ఆ అంచు బాడీ మీదున్న చిన్న లివర్‌ని నెట్టి, అపర్చర్ ఎంతో మీటర్‌కి చెబుతుంది. పాత లెన్స్‌లో ఆ అంచు చుట్టూ నిండుగా ఉంటుంది, వెళ్లి లివర్‌కి గుద్దుకుంటుంది. మీరు పంపిన దాని మీద ‘నిక్కోర్-క్యూ’ అని చెక్కి ఉంది. లోపల ఎన్ని అద్దాలున్నాయో అప్పట్లో ఆ అక్షరమే చెప్పేది, క్యూ అంటే నాలుగు. ఆ అక్షరం కనబడగానే ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి అనుమానం రావాలి. కొన్ని పాత లెన్సులకు తర్వాత ఏఐ రింగు మార్చిన మాట నిజమే. దీనికి మార్చలేదు. రింగు మీది కుందేలు చెవుల్లాంటి ముక్కకు, మార్చినవాటికి ఉండే కన్నాలు లేవు, చిన్న అంకెల రెండో వరుసా లేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా ఊహించగలను. ‘ఏఐ కాని పాత లెన్సులు కూడా పడతాయి’ అని మీ వివరాల్లో రాశారు. అది 1977 నాటి ఎఫ్‌ఎంకి నిజం, దాని లివర్ పైకి మడవొచ్చు. ఎఫ్‌ఎం2లో లివర్ మడవదు. ఒక కెమెరా వివరాలు తెచ్చి ఇంకో కెమెరా కింద అంటించారు. సరే, అది రాతలో తప్పు. మరి అన్నీ పరీక్షించామన్న మనిషి ఈ లెన్స్‌ని ఈ బాడీకి ఒక్కసారైనా పెట్టి చూశాడా?

రెండోది ఇంకా బాధ. ఈ కెమెరా కొన్నది తాతయ్యగుంట గంగమ్మ జాతర కోసం. మే నెల ఎండలో 400 ఫిల్మ్ వేసి అపర్చర్ కాస్త తెరవాలంటే సెకనులో 1/4000 వంతు షట్టర్ స్పీడు కావాలి, దీన్లో అది ఉంది. మా చెల్లెలి కొడుకు ఈ ఏడే మొదటిసారి బైరాగి వేషం కట్టాడు. ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము పూసుకుని, మెడలో పూలదండతో, ఎండకి కళ్లు చికిలించి నిలబడ్డాడు. నలుపు తెలుపులో తీయడానికి అంతకన్నా ఏం కావాలి? 50తో వాడిని ఐదు తీశాను, గుడి ముందు ఇంకో ముప్పై ఒకటి.

రోలు ఇంట్లోనే కడిగాను. ట్యాంకులోంచి తీసి బాత్రూమ్ తీగకి వేలాడదీసి చూస్తే, అక్కడక్కడా ఫ్రేము దాటి పక్క రంధ్రాల వరకు నల్లటి చారలు. నెగటివ్‌లో నలుపు అంటే అక్కడ వెలుగు పడిందని. లెక్కపెడితే పద్నాలుగు ఫ్రేములు పోయాయి. వరసగా గబగబా తీసినవి బాగానే ఉన్నాయి. ఒకటి తీసి, తర్వాతి వేషం కోసం ఎండలో కెమెరా మెడలో వేసుకుని నిలబడ్డప్పుడల్లా, అప్పటికే తీసేసి, ఫిల్మ్ చుట్టుకునే స్పూల్ మీదికి చేరిన ఫ్రేము పోయింది. పిల్లాడివి ఐదింటిలో నాలుగు అలా పోయినవే.

కెమెరా వెనక తలుపు తీసి, కీలు దగ్గరున్న ఫోమ్‌ని వేలితో తాకాను. నల్లబెల్లం పాకంలా వేలికి అంటుకుని సాగింది. వెలుగు దూరకుండా ఆపే లైట్ సీల్ అన్నది అక్కడ లేనే లేదు, ఉన్నది జిగురు. పాత కెమెరాల్లో ఫోమ్ ఇలా కరగడం మామూలే. సన్నటి కొత్త ఫోమ్ కోసి అంటిస్తే ఒక సాయంత్రం పని. కానీ మీరు నిజంగా ఒక్క రోలు ఎండలో తీసి ఉంటే ఈ చారలు మీకే కనిపించేవి. జాతరకి ముందు నేనూ ఒక రోలు పరీక్షగా వేయాల్సింది, ఆ తప్పు నాది. మీ కార్డు నమ్మి వేయలేదు.

ఇదంతా నెగటివ్ ఫొటోలతో సహా మెయిల్ చేస్తే మీ నుంచి వచ్చింది ఒక్క వాక్యం: ‘వింటేజ్ వస్తువులకు రిటర్న్ లేదు.’ నేను కెమెరా తిరిగి తీసుకోమనలేదు, ఇప్పుడూ అనడం లేదు. 135 వెనక్కి తీసుకుని 6,500 ఇవ్వండి, లేదా 135 ఎంఎం ఏఐ లెన్స్ పంపండి. సీల్స్ మార్చడానికి అయ్యే ఖర్చు, చెడిన రోలు ఖరీదు ఇవ్వండి. ఎఫ్‌ఎం2 కింద రాసిన ఆ తప్పు వాక్యాన్ని ఇవాళే తీసేయండి. నాకు చెప్పడానికి ఇంట్లో నాన్న ఉన్నారు కాబట్టి సరిపోయింది. అందరికీ ఉండరు, మీ ఫోన్ విని ఎవరైనా గట్టిగా తిప్పేస్తే బాడీయే పోతుంది.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ నుంచి మళ్లీ ఆ ఒక్క వాక్యమే వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్తాను, ఆపైన జిల్లా కమిషన్‌కి వెళ్తాను.

బిల్లు, కార్డు, నెగటివ్ ఫొటోలు జత చేశాను. లెన్స్ మీ పెట్టెలోనే ప్యాక్ చేసి సిద్ధంగా ఉంచాను. మీ కొరియర్ మనిషిని ఉదయం తొమ్మిదిన్నర లోపు పంపండి, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఉండం.

ఇట్లు,
మీ కస్టమర్,
బైరాగిపట్టెడ, తిరుపతి.