కోటలో హోటల్ పెట్టుకోండి గానీ గేటు ముయ్యకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, మన వైపు కోటల్ని కూడా రాజస్థాన్‌లో లాగ హోటళ్లు చేసేస్తే టూరిస్టులు ఎగబడి వచ్చేస్తారని ఎవరో ఒకరు అంటున్నారు. నేను అలాంటి కోట హోటల్లో రెండు రాత్రులు పడుకుని వచ్చినోణ్ణే కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను, పొడుగైతే మీరే కత్తిరించండి.

మా పెళ్లిరోజుకని మా అబ్బాయి బుక్ చేశాడు, రేటు ఎంతని అడిగితే చెప్పలేదు, తర్వాత బిల్లు చూస్తే ఒక్క రాత్రికి నా నెల పెన్షన్లో సగం పైనే. కారు కిందే ఆపేశారు, అక్కణ్ణించి పైకి రాళ్లు పరిచిన దారి, ఆ తర్వాత మెట్లు, మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో మూడు చోట్ల కూర్చుని కూర్చుని ఎక్కింది. రూమ్ మాత్రం చెప్పుకోవాలి. కిటికీ దగ్గర గోడ మందం మూరేసి చూశాను, రెండు మూరల పైనే ఉంది, బయట ఎండ పేలిపోతున్నా లోపల ఫ్యాన్ కూడా అక్కర్లేదు. గీజర్ రెండ్రోజులూ పని చెయ్యలేదు, అడిగితే రాజుల కాలంలో గీజర్లు ఎక్కడివి సార్ అని నవ్వాడు కుర్రాడు, బిల్లు మాత్రం రాజుల కాలం రేటుకి వెయ్యలేదు లెండి.

మా పెట్టెలు మోసిన పెద్దాయనది ఆ కోట కింద ఊరే. వచ్చీరాని హిందీలో అడిగాను, మీ పిల్లలు ఇదంతా చూశారా అని. లేదట. మనవడు గేటు దాకా వస్తాడట, ఆ పైన వాచ్‌మన్ రానివ్వడట. మర్నాడు పొద్దున్న నేనే కళ్లారా చూశాను, తెగిన గాలిపటం కోసం ఇద్దరు కుర్రాళ్లు లోపలికి రాబోతే విజిల్ వేశాడు, వాళ్లు పరిగెత్తలేదు కూడా, రోజూ ఉండేదే అన్నట్టు వెనక్కి తిరిగి పోయారు.

నాకు మన విజయనగరం కోటే గుర్తొచ్చింది. 1713లో మొదలెట్టిన కోట అది, కానీ మనకి అది కాలేజీకి పోయే దారి, అంతే కదా. సైకిల్ బెల్లు కొట్టుకుంటూ లోపలికి పోయేవాళ్లం, ఎవడూ ఆపింది లేదు. 1958లో మన రాజావారు మాన్సాస్ అని చదువుల ట్రస్టు పెట్టి కోటని చదువులకి ఇచ్చేశారు, ఊరి దగ్గర్లోని కోరుకొండ ప్యాలెస్ 1962లో సైనిక్ స్కూల్ అయింది. అక్కడి రాజుల మేడలు హోటళ్లయ్యాయి, ఇక్కడివి బళ్లయ్యాయి, ఈ మాట చెప్పుకోడానికి మనం ఎందుకు మొహమాటపడాలో నాకు అర్థం కాదు.

అలాగని మన దగ్గర అంతా బావుందని కాదు. మన కోటలోనే 1869లో కట్టిన మోతీ మహల్‌ని 2020లో పడగొట్టేశారు, దాని ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో నాకే లెక్క లేదు. పాత కట్టడానికి డబ్బు రాకపోతే ముందు కప్పు కారుతుంది, కారిన చోట ఎవరో సిమెంటు పూస్తారు, సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పెచ్చులు ఊడతాయి, అప్పుడు ఇంజనీరు వచ్చి డేంజర్ అని రాస్తాడు. హోటల్ ఉంటే ఈ ఖర్చు వెళ్తుంది, అది ఒప్పుకోవాలి. ఉదయపూర్ సరస్సులో ప్యాలెస్ 1963లో హోటల్ అయింది, 1971లో రాజభరణాలు, అంటే మాజీ రాజులకి ప్రభుత్వం ఏటా ఇచ్చే డబ్బు, రద్దయ్యాక ఇంకా చాలామంది రాజులు అదే దారి పట్టారు, మన హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి హోటలే.

కానీ పద్ధతి ఉంది. జోధ్‌పూర్ ఉమైద్ భవన్లో 347 గదులు, కరువులో జనానికి పని కల్పించడానికి మొదలెట్టిన కట్టడం అది, అందులో ఒక భాగం హోటలైనా ఇంకో భాగం మ్యూజియం, టికెట్ కొని ఎవరైనా వెళ్లొచ్చు. స్పెయిన్లో అయితే 1928 నుంచి ప్రభుత్వమే పాత కోటల్లో, మఠాల్లో హోటళ్లు నడుపుతోంది, పారడోర్ అంటారు, దాదాపు వంద ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లా మందసకి కోవా కొనుక్కోడానికి వెళ్లినప్పుడు అక్కడి కోట కూడా ఓసారి చూసి రండి, నేను ఎందుకు రాస్తున్నానో తెలుస్తుంది. రేపు అక్కడైనా ఇంకో చోటైనా ఎవరైనా హోటల్ పెడతామంటే, ఆస్తి ఎవరిదైనా పర్మిషన్ ఇచ్చేది ప్రభుత్వమే కదా, ఆ కాగితంలోనే రాయించండి: ఒక హాలు, ఒక బురుజు ఊరోళ్లకి రోజూ తెరిచే ఉంచాలని, స్కూలు పిల్లలకి టికెట్ లేదని, గోడకి సున్నం తప్ప సిమెంటు తగలకూడదని. ముందు లీజు ఇచ్చేసి తర్వాత బతిమాలుకుంటే ఎవరూ వినరు.

మా ఆవిడ ఇంకోటి కూడా రాయమంది, మెట్ల పక్కన పట్టుకోడానికి ఇనప కమ్మీ.

ఇట్లు,
రిటైరైన ఒక గుమస్తా,
మూడు లాంతర్లు దగ్గర, విజయనగరం