ఈ కాలు ఎన్ని రోజులొస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో గాజా పిల్లల ఫొటో చూసి మా వీధి కుర్రాళ్లు నలుగురు చందా పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చారు. వెంట రెండు అట్టపెట్టెల నిండా పాత బట్టలు. ‘‘అంకుల్, మీరు చేసిన ఉద్యోగం ఇలాంటిదే కదా, ఎవరికి పంపితే బాగుంటుందో చెప్పండి’’ అన్నారు. అది గుమ్మంలో నిలబడి తేల్చే సంగతి కాదు. కాఫీలిచ్చి, పుస్తకంలో నా పేరు రాసి, తర్వాత చెప్తానని పంపేశాను. ఆ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. మీరు అచ్చేస్తే వాళ్లతో పాటు ఇంకో నలుగురు చదువుతారు.

మాది పుత్తూరు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ఎముక విరిగితే మా ఊరికి వస్తారు. నేను చేసింది దాని తర్వాతి పని. కాలు తీసేయక తప్పనివాళ్లకు జైపూర్ కాలు తయారుచేసి తొడిగే టెక్నీషియన్‌ని. తిరుపతిలో, మద్రాసులో కలిపి 31 ఏళ్లు చేశాను. నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా లారీ ప్రమాదాలవాళ్లు, షుగర్ జబ్బువాళ్లు. యుద్ధంలో కాలు పోయినవాళ్లను చూసింది ఒక్కసారే, 2011లో. ఒక దాతల బృందం శ్రీలంకలో శిబిరం పెడుతూ, తమిళం మాట్లాడే టెక్నీషియన్ కావాలని నన్ను తీసుకెళ్లింది. మా పుత్తూరు తమిళం విని వాళ్లు నవ్వేవాళ్లు. వాళ్ల తమిళం నాకు సగమే అర్థమయ్యేది. అయినా పని నడిచింది.

అక్కడ యుద్ధం 2009 మేలో ముగిసింది. 2010 మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ప్రభుత్వం వవునియా దగ్గర యుద్ధంలో ఇళ్లు విడిచినవాళ్లను ఉంచిన మెనిక్ ఫామ్‌లో కృత్రిమ అవయవాల శిబిరం పెట్టించి సుమారు 1400 మందికి సాయం చేసింది. మేం వెళ్లేటప్పటికి జనం కొంతమంది సొంత ఊళ్లకు మళ్లారు. మాది అంత పెద్ద శిబిరం కాదు. ఒక బడి వరండాలో మూడు వారాలు. ఒక ఓవెన్, ఒక గ్రైండరు, నాలుగు బస్తాల ప్లాస్టర్ పొడి, పైపులు.

పైపులంటే బోరుబావిలో దించే నల్ల హెచ్‌డీపీఈ పైపుల్లాంటివే. మిగిలిన కాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీస్తాం. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక ఆకురాయితో అరగదీస్తాం. మా పనిలో నేర్పంతా ఈ అరగదీయడంలోనే ఉంది. మోకాలిచిప్ప కింద గట్టి తాడులా తగిలే స్నాయువు (టెండన్) దగ్గర బరువు ఆనాలి, పక్కన పొడుచుకొచ్చే సన్న ఎముక మీద ఆనకూడదు. అక్కడ చిన్న తేడా వచ్చినా వారంలో పుండు పడుతుంది. తర్వాత పైపు ముక్కను ఓవెన్‌లో మెత్తబడేదాకా వేడిచేసి అచ్చు మీదికి లాగుతాం. చల్లారేసరికి అదే ఆకారంలో బిగుసుకుంటుంది. కింద రబ్బరు పాదం. 1968లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె.సేథీ కలిసి తయారుచేసిన పాదం ఇది. ఆ శర్మగారు పెద్దగా చదువుకున్న మనిషి కాదు. పాదం ఎలా వంగాలో ఆయన చేతికి తెలుసు. మనవాళ్లు కింద కూర్చుని తింటారు, చెప్పులు విడిచి గుడికెళ్తారు, మళ్లలో బురద తొక్కుతారు. బూటు తొడిగితేనే పనికొచ్చే విదేశీ కాలు మనకు సరిపడదని గుర్తించారు కాబట్టే ఆ పాదం అఫ్గానిస్తాన్ దాకా నడిచింది.

రెండో వారంలో ఒకామె కూతుర్ని చంకనేసుకొచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్లు. యుద్ధం చివరి నెలల్లో ముల్లైత్తీవు తీరంలో గుండు పడి మోకాలి కింద పోయింది. పిల్ల ఏడవలేదు. ప్లాస్టర్ చుడుతుంటే చల్లగా ఉందని నవ్వింది కూడా. మూడో రోజు కాలు తొడిగి, వరండా స్తంభానికీ స్తంభానికీ కట్టిన తాళ్లు పట్టుకుని నడిపించాను. నాలుగు రౌండ్లు తిరిగి కూర్చుని, కొత్త కాలిని వేళ్లతో తడుముతూ అడిగింది, ‘‘మామా, ఇది ఎన్ని రోజులొస్తుంది?’’

ఆ జవాబు నాకు తెలుసు. ఎదిగే పిల్లలకు ఆరునెలలకోసారి కాలు మార్చాలి. పెద్దవాళ్లకు మూడు నుంచి ఐదేళ్లు. పిల్లల్లో ఇంకో చిక్కుంది. కోసేసిన చోట ఎముక చర్మం కన్నా ముందు పెరిగి కొన లోపలినుంచి పొడుస్తుంది. ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్ చేసి ఆ కొన తీయాలి. తొమ్మిదేళ్ల పిల్లకు పద్దెనిమిది నిండేదాకా ఆరునెలలకొకటి చొప్పున లెక్కేసుకోండి, పద్దెనిమిది కాళ్లు. మేం ఇచ్చింది ఒకటి. ఇంకో వారంలో ఓవెన్ సర్దుకుని వెళ్లిపోతాం. ‘‘జాగ్రత్తగా వాడుకుంటే చాలా రోజులొస్తుంది తల్లీ’’ అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పీకుతూనే ఉంటుంది.

మాకు సాయంగా ఉన్న అక్కడి టీచరు ఒకాయన 2013లో ఉత్తరం రాశారు. ఎనిమిది నెలలకే ఆ కాలు పొట్టిదైపోయిందట. కొన్నాళ్లు మడమ కింద చెక్కముక్క కట్టుకుని తిరిగింది. తర్వాత మిగిలిన కాలు దూర్చే గొట్టం, అదే సాకెట్, బిగుసుకుపోయి పుండు పడితే కాలిని గోడ మేకుకు తగిలించి మళ్లీ ఊతకర్ర పట్టింది. చివరికి యాళ్పాణంలో, అదే జాఫ్నాలో, 1987 నుంచి నడుస్తున్న జైపూర్ కాళ్ల కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ కొత్త కాలు ఇచ్చారు, పైసా తీసుకోలేదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదంటే, ముల్లైత్తీవు నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. కొలతకు ఒకసారి, తొడగడానికి ఒకసారి, సరిచేయించడానికి ఇంకోసారి. ప్రతిసారీ ఇద్దరికి బస్సు టికెట్లు, తల్లికి కూలి పోవడం. కాలుకు దాతలున్నారు గానీ బస్సు చార్జీకి ఎవరూ లేరు. మా బృందం ఆ శిబిరంలో దిగిన ఫొటోల ఖర్చుతో ఆ పిల్లకు రెండేళ్లు బస్సు టికెట్లు వచ్చేవి.

ఇంకో సంగతి. శిబిరం మూలన పదిహేను చక్రాల కుర్చీలు మడత విప్పకుండా పడి ఉండేవి. ఎవరో మంచిమనసుతో పంపినవే. సన్నటి టైర్లు, ఆస్పత్రి నాపరాళ్ల మీద నడిచే రకం. అక్కడ ఊళ్లన్నీ ఇసుక. ఒకాయన్ను కూర్చోబెట్టి తోస్తే పది అడుగులకు దిగబడిపోయింది. పాత బట్టల సంగతీ అంతే. పంపే ఖర్చుకు అక్కడి అంగట్లో కొత్తవి కొనొచ్చు, ఆ అంగడివాడూ యుద్ధంలో దెబ్బతిన్నవాడే కదా. మన ప్రభుత్వం అక్కడ 50,000 ఇళ్ల పథకంలో చాలావరకు ఈ పద్ధతే పాటించింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఇల్లు కట్టి తాళాలు చేతికివ్వకుండా, ఇంటికి ఐదున్నర లక్షల శ్రీలంక రూపాయలు విడతలవారీగా ఇచ్చి వాళ్లనే కట్టుకోమంది. అది నాకు నచ్చింది.

ఉండిపోవడం అంటే ఏమిటో కాబూల్‌ను చూడాలి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ 1988లో అక్కడ కృత్రిమ అవయవాల కేంద్రం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయి! ముజాహిదీన్లు, తాలిబన్లు, అమెరికన్లు, మళ్లీ తాలిబన్లు. కేంద్రం నడుస్తూనే ఉంది. ఇటలీ నుంచి 1990లో వెళ్లిన అల్బెర్టో కైరో అనే ఫిజియోథెరపిస్టు దశాబ్దాల తరబడి దాన్ని నడిపాడు. పనివాళ్లలో దాదాపు అందరూ ఒకప్పుడు అదే గేటులోంచి కాలు కోసం వచ్చినవాళ్లే. కాలు తొడిగి చేతులు దులుపుకోకుండా చిన్న వ్యాపారానికి అప్పు కూడా ఇస్తారు. కాలు లేని టెక్నీషియన్ కొలత తీస్తుంటే ‘నొప్పిగా ఉందా’ అని అడిగే పనుండదు. నా రెండు కాళ్లూ బాగున్నాయి కాబట్టి అది నాకు ఎప్పటికీ పూర్తిగా రాని విద్య.

ఇప్పుడు గాజా. జనాభాతో పోల్చుకుంటే కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న పిల్లలు ప్రపంచంలో మరెక్కడా లేనంతమంది అక్కడ ఉన్నారని 2024లో ఐక్యరాజ్యసమితి అధికారులే చెప్పారు. ఉక్రెయిన్, సూడాన్ సంగతి వేరే చెప్పాలా. ఎవరిది తప్పు అన్న చర్చ మీ పత్రికలో రోజూ నడుస్తోంది, దాంట్లోకి నేను దిగను. పిల్ల వయసును బట్టి నేను వేసే లెక్క మాత్రం ఏ దేశమైనా ఒకటే.

కుర్రాళ్లూ, ఆ రెండు పెట్టెలు మన ఊళ్లోనే పంచేయండి. వసూలైన 8,640 రూపాయలు ఒక్కసారే పంపి, రసీదు ఫొటో వాట్సాప్‌లో పెట్టి మరచిపోకండి. పన్నెండు భాగాలు చేస్తే నెలకు 720 వస్తుంది. చిన్న మొత్తమే, కానీ వచ్చే నెలా వస్తుందని తెలిసిన డబ్బుతోనే వాళ్లు పనివాడికి జీతం ఇవ్వగలరు. పంపే ముందు ఆ సంస్థవాళ్లను అడగండి: వచ్చే ఏడాది ఈ రోజుకు మీరు అక్కడే ఉంటారా, పట్టీ తెగితే ఎవరు కుడతారు, దూరం ఊళ్లవాళ్లకు బస్సు చార్జీ ఇస్తారా అని. కోప్పడితే ఇంకొకరిని చూడండి. జవాబు చెప్పేవాళ్లు దొరుకుతారు.

ఎడిటర్ గారూ, మీకూ ఒక మాట. యుద్ధం ఆగిన రోజు మొదటి పేజీలో వేస్తారు. ఆ తర్వాత రెండేళ్లకు ఆ ఊళ్లో పిల్లలు ఎలా నడుస్తున్నారో లోపలి పేజీలో ఎక్కడైనా వేయండి. చందాలు ఆగిపోయేది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఈ ఉత్తరం రాస్తుండగానే నిన్న సాయంత్రం ఆ కుర్రాళ్లలో ఒకడు మళ్లీ వచ్చాడు. నేను చెప్పింది విని అక్కడే అరుగు మీద కూర్చుని చందా పుస్తకంలో స్కేలు పెట్టి నెలలకు గళ్లు గీయడం మొదలుపెట్టాడు. ‘‘ఎన్ని గీయమంటారు అంకుల్?’’ అన్నాడు. ప్రస్తుతానికి రెండేళ్లకు గీశాడు. వెనక ఇంకా చాలా పేజీలున్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కృత్రిమ అవయవాల టెక్నీషియన్,
పుత్తూరు, తిరుపతి జిల్లా