కారణం చెప్పకుండా కార్డు తీసేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

కృత్రిమ మేధకు నైతిక సూత్రాలు ఉండాలని ఇప్పుడు ప్రతి సదస్సులోనూ చెబుతున్నారు. నీతి ఆయోగ్ 2021లోనే సమానత్వం, పారదర్శకత, జవాబుదారీతనం వంటి సూత్రాలు ప్రకటించింది. సంతోషమే. అవి రేషన్ షాపు దాకా రాలేదన్నదే నా బాధ.

తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆ ఏరివేతకు ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడారు. వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్ల వంటి రికార్డులన్నీ కలిపి, ఎవరు అనర్హులో అది చెబుతుంది. కలపడానికి పేరు, చిరునామా ముఖ్యం. మన పేర్ల సంగతి అందరికీ తెలుసు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే కరెంటు బిల్లులో పొడి అక్షరమే ఉంటుంది. ఒకే బస్తీలో ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటారు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరున కారు ఉందని ఆ కుటుంబం కార్డు తీసేశారు. ఆ కారు దాదాపు అదే పేరున్న వేరొకరిది. భర్త పోయాక ఆ పేదరాలు తమకు కారు లేదని నిరూపించుకోవడానికి ఆఫీసులూ కోర్టులూ తిరగాల్సి వచ్చింది. లేని కారును లేదని ఏ కాగితంతో నిరూపిస్తారు?

యంత్రం పొరపాటు పడటం కన్నా నన్ను కలవరపెట్టేది, ఎదురుగా నిలబడ్డ మనిషి మాట కంటే తెర మీది మాటనే అధికారులు నమ్మడం. నెదర్లాండ్స్‌లోనూ ఇదే జరిగింది. పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్ర వేశారు. విదేశీ పౌరసత్వం ఉన్నవారిని అక్కడి సాఫ్ట్‌వేర్ ఎక్కువ అనుమానించింది. చివరికి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

రేషన్, పింఛను, ఇల్లు దేనికైనా సాఫ్ట్‌వేర్ పేరు కొట్టేయమన్నప్పుడు, ముందు ఆ ఇంటికి తెలుగులోనో ఉర్దూలోనో నోటీసు వెళ్లాలి. ఏ రికార్డు చూసి అనర్హులన్నారో అందులో రాయాలి. వీఆర్‌వో స్థాయి ఉద్యోగి ఎవరైనా ఇంటికి వెళ్లి చూసి, సంతకం పెట్టాకే రద్దు చేయాలి. అప్పీలు తేలేదాకా బియ్యం ఆగకూడదు. ఏటా ఎన్ని పేర్లు తీసేశారో, వాటిలో ఎన్ని తప్పని తేలాయో పౌరసరఫరాల శాఖ జిల్లాలవారీగా ప్రకటించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ పద్ధతిని జీవోగా ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్