సలాందర్ అభిమానులకు ఎవా సంగతి పట్టాలి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ రాసిన మిలీనియం క్రైమ్ నవలల గురించి, వాటి నాయిక లిస్బెత్ సలాందర్ గురించి పాఠకులు రాసిన అభిప్రాయాలు వరసగా చదువుతున్నాను. చాలా సంతోషం. నేనూ ఆ పుస్తకాలను తెల్లవార్లూ కూర్చుని చదివినదాన్నే. అయితే ఇంత అభిమానంలోనూ ఒక మనిషి పేరు, లార్సన్‌కు జీవితాంతం తోడుగా ఉన్న ఎవా గాబ్రియెల్సన్ పేరు, ఎవరూ ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు లిస్బెత్ గురించే రెండు మాటలు. చాలామంది ఆమె టాటూలు, బైకు, హ్యాకింగ్, పగ తీర్చుకునే తీరు మెచ్చుకున్నారు. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ నన్ను ఊపిరాడనివ్వనిది మొదటి నవలలో ఆమె కంప్యూటర్ కొనుక్కోవాల్సి వచ్చిన ఘట్టం. లిస్బెత్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఒక సెక్యూరిటీ కంపెనీకి పనిచేసి సొంతంగా సంపాదించుకుంటోంది. అయినా చిన్నతనంలో ఆమెను మానసిక వైద్యశాలలో పెట్టినప్పటి నివేదికలు వెంటాడుతూనే ఉంటాయి. వాటిని బట్టి కోర్టు ఆమెకు ఒక గార్డియన్‌ను పెడుతుంది. మొదటి గార్డియన్ పాల్మ్‌గ్రెన్ మంచివాడు, ఆమెను నమ్మాడు. ఆయనకు పక్షవాతం రావడంతో ఆ అధికారం బ్యుర్మన్ అనే లాయరు చేతికి పోతుంది. ఆమె బ్యాంకు ఖాతా కూడా అతని గుప్పిట్లోకే వెళ్తుంది. పాత కంప్యూటర్ పాడైంది, కొత్తది కావాలి, డబ్బు తనదే. దానికోసం ఆ మనిషి గదికి వెళ్లి అడుక్కోవాలి. అతను ఆ అవసరాన్ని ఎంత నీచంగా వాడుకున్నాడో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. బ్యుర్మన్‌కు అంత బలం చట్టమే ఇచ్చింది. లార్సన్ కోపమంతా అక్కడే ఉంది. అందుకే ఆయన మొదటి నవల భాగాల ముందు కథతో పనిలేనట్టు కనిపించే లెక్కలు పెట్టాడు: స్వీడన్‌లో 46 శాతం మంది స్త్రీలు ఏదో ఒక మగవాడి చేతిలో హింసకు గురయ్యారు, లైంగిక దాడికి గురైనవాళ్లలో 92 శాతం మంది పోలీసుల దగ్గరకు వెళ్లలేదు.

ఇక నేను చెప్పదలచుకున్న మనిషి ఎవా గాబ్రియెల్సన్. ఆమె ఆర్కిటెక్ట్. లార్సన్, ఆమె 1972లో స్వీడన్‌లోని ఉమెయో పట్టణంలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన సభలో కలుసుకున్నారు. అప్పటి నుంచి ముప్పై రెండేళ్లు, ఆయన పోయేదాకా, ఒకరికొకరు తోడుగా ఉన్నారు. లార్సన్ ఎక్స్‌పో అనే పత్రికను నిలబెట్టి, హిట్లర్ భావాలను మోసే నియో నాజీల గుట్టు బయటపెట్టేవాడు. వాళ్ల నుంచి ప్రాణభయం ఉండేది. పెళ్లి చేసుకుంటే తమ చిరునామా వాళ్లకు తేలిగ్గా దొరికిపోతుందనే పెళ్లి చేసుకోలేదని ఎవా చెప్పింది. 2004 నవంబర్ 9న పత్రిక ఆఫీసులో లిఫ్ట్ పనిచేయలేదు. ఏడు అంతస్తుల మెట్లెక్కిన లార్సన్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనకు అప్పుడు యాభై ఏళ్లు. మొదటి నవల అచ్చులో చూసుకోకుండానే పోయాడు.

స్వీడన్ చట్టం ప్రకారం పెళ్లి కాకుండా కలిసి బతికినవాళ్లకు కలిసి వాడుకోవడానికి కొనుక్కున్న ఇంట్లో, ఇంటి సామానులో వాటా అడిగే హక్కు ఉంది గానీ వారసత్వం లేదు. లార్సన్ 1977లో, ఆఫ్రికా వెళ్లే ముందు, ఒక వీలునామా రాశాడు. దానిమీద సాక్షుల సంతకాలు లేవు కాబట్టి అది చెల్లలేదు. అందులోనూ ఆస్తిని రాసిచ్చింది ఉమెయోలోని కమ్యూనిస్టు సంఘానికే. చివరకు కోట్ల ప్రతులు అమ్ముడైన ఆ నవలల హక్కులన్నీ ఆయన తండ్రికీ తమ్ముడికీ దక్కాయి. 2009లో వాళ్లు ఎవాకు 2 కోట్ల స్వీడన్ క్రోనర్లు ఇస్తామన్నారు. ఆమె అడిగింది పుస్తకాల బాగోగులు చూసుకునే హక్కు. అది ఇవ్వలేదు. ఆమెకు ఇష్టం లేకపోయినా 2015లో డేవిడ్ లాగర్‌క్రాన్స్ చేత నాలుగో నవల రాయించారు. తర్వాత 2017లో, 2019లో మరో రెండు వచ్చాయి. 2022 నుంచి కారిన్ స్మిర్నోఫ్ రాస్తోంది. ఆ తండ్రి, తమ్ముడు చట్టం దాటి ఏమీ చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను తప్పుపడుతున్నది ఆ చట్టాన్నే. కొత్త నవలలు మాత్రం నేను కొనలేదు, కొనను.

రెండో నవలలో లిస్బెత్ కొత్త ఇంటి తలుపు మీద ‘వి. కుల్లా’ అన్న పేరు ఉంటుంది. పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ సృష్టించిన అల్లరి పిల్ల పిప్పి ఉండే ఇంటికి పెట్టిన పేరులోంచి లార్సన్ అది తీసుకున్నాడు. పిప్పి పెద్దదైతే ఎలా ఉంటుందన్న ఊహలోంచే లిస్బెత్ పుట్టిందని లార్సన్ చెప్పాడు. ఇలాంటి చిన్న చిన్న సంగతులన్నీ పక్కనే ఉండి చూసిన మనిషికి, ఆ పాత్ర ఇకపై ఏం చేయాలో చెప్పే అధికారం లేకుండా పోయింది. అభిమానులుగా మనం దీని గురించి మాట్లాడకపోతే ఎలా?

ఇది స్వీడన్ గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. మన 2005 నాటి గృహహింస చట్టం పెళ్లి లాంటి బంధంలో ఉన్న స్త్రీకి రక్షణ, నివాసం, భృతి ఇస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని వారసుల జాబితాలో మాత్రం ఆమెకు చోటు లేదు. ఎక్కువ కాలం కలిసి ఉన్నవాళ్లను భార్యాభర్తలుగానే కోర్టులు భావించిన సందర్భాలు లేకపోలేదు. కానీ అందుకు మనిషిని పోగొట్టుకున్న దుఃఖంలోనే ఆమె కోర్టు మెట్లెక్కాలి. మన దగ్గర రచయిత పోయాక కాపీరైట్ 60 ఏళ్లు ఉంటుంది. మనకూ వీలునామా చెల్లాలంటే కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. కథలు, నవలలు రాసే తెలుగువాళ్లలో ఈ జాగ్రత్త తీసుకున్నవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఇల్లు, పొలం గురించి రాస్తారు, పుస్తకాల ఊసే ఉండదు.

కాబట్టి మీకు ఒక విన్నపం. మీ సాహిత్య పేజీలో ఒక వారం న్యాయవాదుల చేత ఈ విషయం వివరంగా రాయించండి: పుస్తకాల హక్కులు ఎవరికి చెందాలో వీలునామాలో ఎలా రాయాలి, పెళ్లి కాని తోడుకు ఎలా రాసివ్వవచ్చు, సాక్షులుగా ఎవరు ఉండాలి. లిస్బెత్ గురించి ఈసారి వ్యాసం వేసినప్పుడు ఎవా గాబ్రియెల్సన్ గురించి కూడా కనీసం ఒక పేరా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ